పూండిలో ఒక రాత్రి, తిరుత్తణిలో ఒక రాత్రి

తిరువళ్ళూరు స్టేషన్లో లోకల్ ఆగింది. దిగండి. ముందు అమ్మను దించి, తర్వాత పిల్లల చెయ్యి పట్టుకోండి. ఈ బండి ఎక్కువసేపు నిలవదు. చెన్నై నుంచి వచ్చిన జనమంతా ఒక్కసారిగా మెట్లవంతెన ఎక్కుతున్నారు. ఈరోజు అమావాస్య కాదు కాబట్టి ఈమాత్రం సందైనా ఉంది. అమావాస్యనాడైతే వీరరాఘవస్వామి కోనేటికి వచ్చేవాళ్ళతో ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేరు. ఒంట్లో రోగం కరిగిపోవాలని ఇక్కడి కోనేట్లో బెల్లం వేసి కరిగిస్తారు. అమ్మ సంచిలో కూడా ఒక బెల్లం అచ్చు ఉంది. గుడికి వెళ్ళి, ఆ మొక్కు తీర్చి, ఆ తర్వాత పూండి బస్సెక్కుదాం.

మీ ఫోన్లో రెండు బుకింగులున్నాయి. రెండూ ఇటలీవే. ఒకటి టస్కనీలో ద్రాక్షతోట నడుమ ఉన్న రాతి ఇల్లు. దగ్గర్లోని ఊరికి మట్టిరోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. ఈతకొలను ఉంది, వంటిల్లు ఉంది, చుట్టూ ఆలివ్ చెట్లున్నాయి. రెండోది కొండమీది చిన్న ఊళ్ళో, చర్చి వెనక సందులో, రెండో అంతస్తులో గది. కింద రొట్టెల దుకాణం, ఎదురుగా కూరగాయల అంగడి. ఈ రెంటిలో ఒకదాన్ని సోమవారంలోగా రద్దు చెయ్యాలి. ఇంట్లో వారంగా ఇదే మాట. పిల్లలకు ఈతకొలను కావాలి. అమ్మకు పదడుగుల దూరంలో మనుషులు కనబడాలి. మీరిద్దరూ రోజుకో పక్షం.

ఫోటోల్లో రెండూ బాగున్నాయి. కానీ రాత్రి ఎనిమిదింటికి అక్కడ ఎలా ఉంటుందో ఏ ఫోటో చెప్పదు. బస చేసే చోటు సంగతి చీకటి పడ్డాకే తెలుస్తుంది. అందుకే అంత డబ్బు పెట్టేముందు ఈ శని ఆదివారాలు ఇటు వచ్చారు. ఈ రాత్రి పూండి పొలాల్లో, రేపు రాత్రి తిరుత్తణి కొండ కింద.

చెరువు కట్ట మీద

బస్సు తిరువళ్ళూరు బజారు దాటగానే గాలి మారుతుంది. సంక్రాంతి వెళ్ళింది. కోతలైన కయ్యల్లో మోళ్ళు, కొయ్యని కయ్యల్లో పసుపు తిరిగిన వరి, మధ్యమధ్య ఇటుక బట్టీల ఎర్రమట్టి. పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూగా ప్రయాణం. కండక్టర్ 'పూండి' అని అరిచిన చోట దిగి నాలుగడుగులు ఎత్తు ఎక్కండి.

ఒక్కసారిగా నీళ్ళు. కంటికి ఆనినంత మేర నీళ్ళే. కట్ట మీద గాలికి అమ్మ కొంగు నిలవడం లేదు. దూరంగా నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ మొండిచెట్ల మీద కూర్చున్నాయి. లోతు తక్కువ చోట కొంగలు అడుగు తీసి అడుగు వేస్తున్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిన చెరువు ఈ నెలలోనే కళగా ఉంటుంది. మే నెలలో వస్తే నీళ్ళు వెనక్కి జరిగి, నెర్రెలిచ్చిన నేల మీద మేకలు మేస్తుంటాయి.

స్థానికులు చెరువంటారు గానీ ఇది కొసస్థలి నది మీద కట్టిన జలాశయం. మద్రాసు తాగునీటి కోసం 1939లో మేయరైన సత్యమూర్తి పట్టుబట్టి సాధించిన పని. 1940లో శంకుస్థాపన జరిగింది, 1944లో నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళను సత్యమూర్తి చూడలేదు, 1943 మార్చిలోనే కన్నుమూశారు. ఆయన పేరే దీనికి పెట్టారు, సత్యమూర్తి సాగర్ అని. ఇప్పుడు దీని నిల్వ సామర్థ్యం 3,231 మిలియన్ ఘనపుటడుగులు, అంటే మూడు టీఎంసీల పైచిలుకు.

తెలుగువాళ్ళకు ఈ కట్ట మీద నిలబడితే మరో సంగతి గుర్తుకు రావాలి. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కాలువ తవ్వారు. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ నీళ్ళు సోమశిల, కండలేరు మీదుగా దిగి, ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి ఇక్కడికే చేరుతాయి. ఏడాదికి 12 టీఎంసీలు సరిహద్దులో అప్పగించాలన్నది మాట. 1996లో మొదటిసారి ఆ నీళ్ళు పూండి చేరాయి. కాలువ గట్లు జారిపోయి నీళ్ళు దారిలోనే ఇంకిపోతుంటే, తర్వాత శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు డబ్బు పెట్టి గట్లు బాగుచేయించింది.

కట్ట కింద చేపలు వేయించే ఆవిడ మీ మాట విని తల ఎత్తింది.

"యాడ్నుంచి వొస్తా ఉండారు మా?"

"చెన్నై నుంచి అక్కా. మాది అసలు నెల్లూరు పక్క."

"అట్లనా! అయితే ఈ నీళ్ళల్లో మీవీ ఉండాయిలే. కూర్చోండి. పిల్లోళ్ళకు ముల్లు తీసి ఇస్తాను."

పెనం మీద ఎర్రగా కాలుతున్నది జిలేబి చేప. కారం, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి తప్ప ఇంకేం లేవు. బాదంఆకు మీద పెట్టి ఇచ్చింది. తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ ఇంకో రెండు చెప్పండి. ఇవాళ రాత్రి పొలంలో ఏం దొరుకుతుందో తెలియదు.

పొలంలో రాత్రి

మీరు మాట్లాడుకున్న తోట ఇల్లు కట్టకు దూరంగా, బస్సు తిరగని దారిలో ఉంది. చెన్నై వాళ్ళకు తోటల్లో గదులు అద్దెకివ్వడం ఇటు వైపు కూడా అలవాటైంది. ఆటో మిమ్మల్ని దించి, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. రెండు గదులు, ముందు పొడుగాటి వరండా, వాకిట్లో పూత మీదున్న మామిడిచెట్లు, వెనక బావి. తోట చూసుకునే అన్న, ఆయన భార్య పక్క కొట్టంలో ఉంటారు.

మొదటి రెండు గంటలు పిల్లలవి. త్రీఫేజు కరెంటు వచ్చింది, మోటారు పడింది, తొట్టిలోకి నీళ్ళు చెయ్యి మందాన దూకుతున్నాయి. పిల్లలిద్దరూ బట్టలతోనే దిగారు. టస్కనీ ఈతకొలను ఇంతకంటే ఎక్కువ సంతోషం ఇస్తుందా? ఈ క్షణానికైతే ఇవ్వదు. మీరు వరండాలో మంచం వాల్చుకుని పడుకోండి. చాలా రోజుల తర్వాత చెవుల్లో హారన్ మోత లేదు. గాలికి మామిడాకు కదిలే చప్పుడు వినబడుతోంది. పిచ్చుకలు వచ్చి మెతుకులు ఏరుకుంటున్నాయి. మీలో తోటకే ఓటు వేసినవాళ్ళు నెగ్గినట్టు మిగతావాళ్ళ వైపు చూస్తున్నారు.

ఆరున్నరకు చీకటి పడింది. ఊళ్ళో పడే చీకటికీ దీనికీ పోలిక లేదు. వరండా దీపం వెలుతురు మూడో మామిడిచెట్టు దాకా పోయి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమీ లేదు. పిల్లలు ఆటలు మానేసి మీ దగ్గరికి జరిగారు. పాము ఉంటుందేమోనని అమ్మ కాలు కిందపెట్టడం లేదు. కాఫీకి పాలు లేవు. పొద్దున్నదాకా ఎదురుచూడాల్సిందే, ఆవు పాలిచ్చేదాకా. ఏడింటికి అమ్మ మందుల సంచి తీస్తే, రాత్రి వేసుకోవాల్సిన మాత్రల పట్టీ ఖాళీగా ఉంది.

"అన్నా, ఇక్కడ మందుల షాపు ఎంత దూరం?"

"పూండికి పోవల్ల సామీ. మీరు కూర్చోండి, నేను పోయి తెస్తా. చీటీ రాసీండి."

టీవీఎస్ మోపెడ్ మీద ఆయన వెళ్ళాడు. ఆ దీపం మలుపు తిరిగేదాకా అందరూ అటే చూస్తున్నారు. ముప్పావుగంటకు తిరిగొచ్చాడు. మందు దొరికింది. ఈలోగా ఆ వదిన రాగి సంగటి కెలికి, చెనక్కాయల ఊరిబిండి నూరి, చేపల పులుసు పెట్టింది. వరండాలోనే వరసగా కూర్చుని తిన్నారు. సంగటి ముద్ద వేళ్ళకు అంటకుండా ఎట్లా మింగాలో ఆమె పిల్లలకు చూపించింది. వాళ్ళమ్మమ్మది నాగలాపురమట. కృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట పెట్టిన ఊరు, సరిహద్దుకు అవతల, ఇక్కడికి దూరమేమీ కాదు. వాళ్ళింట్లో తెలుగు, బయట తమిళం, రెండూ కలిసిన మాట తోటలో.

భోజనాలయ్యాక దీపం ఆర్పి వాకిట్లోకి రండి. నక్షత్రాలు ఇన్నున్నాయని పిల్లలకు తెలియదు. కప్పల అరుపు, ఎక్కడో కుక్క, మళ్ళీ నిశ్శబ్దం. తొమ్మిదింటికి అందరూ నిద్రలో ఉన్నారు. ఇంట్లో పదకొండు దాటితే గానీ పడుకోని పిల్లలు కూడా.

పొలంలో రైతు ఇచ్చే ఇలాంటి బసనే ఇటలీవాళ్ళు చట్టంగా రాసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పల్లెలనుంచి జనం మిలాను, ట్యూరిన్ ఫ్యాక్టరీలకు తరలిపోయారు. పొలాల్లో రాతి ఇళ్ళు పాడుబడ్డాయి. వ్యవసాయం మీద వచ్చే రాబడి చాలని రైతుకు అతిథి రూపంలో ఇంకో రాబడి చూపించాలని 1965లో అగ్రితూరిస్త్ అనే సంఘం పుట్టింది. 1985లో 730వ నంబరు చట్టం వచ్చింది, 2006లో దాని స్థానంలో 96వ నంబరు చట్టం. రెంటి సారమూ ఒకటే. ఇల్లు అద్దెకిచ్చేది రైతే అయి ఉండాలి, అతిథుల బస కంటే వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అతిథికి పెట్టే తిండిలో సొంత పొలం పంట, ఆ ప్రాంతపు పంట ఉండాలి. దీన్నే అగ్రిటూరిజ్మో అంటారు. అలాంటివి దేశంలో ఇప్పుడు 25 వేలకు పైగా ఉన్నాయి. టస్కనీలోనూ, ఉత్తరాన ఆల్ప్స్ దగ్గరి బొల్జానో జిల్లాలోనూ ఎక్కువ.

కాబట్టి టస్కనీ తోట ఇంటికి డబ్బు కట్టేముందు అది నిజంగా రైతు ఇల్లేనా, రాత్రి భోజనం పెడతారా అని అడగండి. పొలం మధ్య ఉన్న ప్రతి ఇల్లూ అగ్రిటూరిజ్మో కాదు. రైతు లేని తోట ఇంట్లో మీ అమ్మ మాత్రలకు మోపెడ్ మీద వెళ్ళే అన్న ఉండడు, సంగటి పెట్టే వదిన ఉండదు.

రాళ్ళు చెప్పే మాట

పొద్దున్నే పాలు పితికిన చెంబుతో వదిన వచ్చింది. ఆ కాఫీ తాగి బయల్దేరండి. తిరుత్తణికి వెళ్ళేముందు పూండిలోనే చూడాల్సిన చిన్న ఇల్లొకటి ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖవారి ఆదిమానవుల మ్యూజియం. అద్దాల వెనక అరచేతి వెడల్పు రాళ్ళు. ఒక కొస మొనదేలి, రెండు పక్కలా చెక్కిన చేతిగొడ్డళ్ళు. పిల్లలు ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నారు.

1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మే నెలలో పల్లావరంలో ఒక రాతి పనిముట్టు గుర్తించాడు. భారతదేశంలో ఆదిమ శిలాయుగపు ఉనికికి అదే తొలి సాక్ష్యం. అదే ఏడు సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న అత్తిరంపాక్కం వాగులో ఇంకెన్నో కనుగొన్నాడు. ఈ కాలంలో శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం ఏళ్ళ తరబడి ఆ ఊరి నేలను పొరలు పొరలుగా తవ్వింది. చేతిగొడ్డళ్ళ వయసు 15 లక్షల ఏళ్ళని 2011లో చెప్పింది. అంతకంటే సన్నని పనితనమున్న, ఆదిమ శిలాయుగపు మధ్య దశ పనిముట్లు 3,85,000 ఏళ్ళ నాటివని 2018లో ప్రకటించింది. ప్రపంచంలో చాలామంది అప్పటిదాకా అనుకున్నదానికంటే అది ఎంతో ముందు కాలం.

అత్తిరంపాక్కం వెళ్ళి నిలబడితే కంటికి కనబడేది గట్లు కోసుకుపోయిన ఎర్రనేల, ఒక వాగు, ముళ్ళచెట్లు. అంతే. మరి అన్ని లక్షల ఏళ్ళపాటు మనుషులు తిరిగి తిరిగి ఇక్కడికే ఎందుకొచ్చారు? వాగులో నీళ్ళున్నాయి. పనిముట్లకు కావలసిన గట్టి గులకరాళ్ళు అల్లికుళి కొండల్లో ఉన్నాయి. తిండికి జంతువులు ఆ నీళ్ళకే వస్తాయి. అన్నీ నడిచి అందుకునేంత దూరంలో ఉన్నాయి. బస ఎక్కడ అన్న ప్రశ్నకు మనిషి మొదటి జవాబు అది. మీ ఫోన్లోని రెండు బుకింగులకూ వేయాల్సిన కొలబద్ద కూడా అదే. అక్కడ నడిచి అందుకోగలిగినవి ఏవి?

కొండ కింద వీధుల్లో

తిరువళ్ళూరు తిరిగొచ్చి లోకల్ ఎక్కండి. అరక్కోణంలో బండి మలుపు తిరిగి ఉత్తరానికి సాగుతుంది. కాసేపటికి కుడిపక్కో ఎడంపక్కో చూసే పనిలేకుండా కొండే కిటికీలోకి వస్తుంది. కొండ మీద గోపురం. తిరుత్తణి.

ఇది పల్లె కాదు, మునిసిపాలిటీ. అయినా కొండ కింది పాత వీధులు పల్లె కొలతలోనే ఉన్నాయి. అరుగు మీద కూర్చున్నవాళ్ళు వచ్చేపోయేవాళ్ళను పలకరించేంత వెడల్పు. మీరు గది తీసుకున్న సత్రం వీధిలోకి కారు రాదు. పెట్టె చక్రాలు రాళ్ళ మీద లాగుతూ నడవాలి. మేడ మెట్లు ఇరుకు, పిట్టగోడ ఎత్తు తక్కువ. గది చిన్నది, తోట ఇంటి వరండాలో సగం కూడా ఉండదు. పిల్లలు మొహం ముడుచుకున్నారు.

సంచులు పడేసి కిందికి రండి. సందు చివర మెడికల్ షాపు, దాని పక్కన టీ కొట్టు, ఎదురుగా పూలంగడి. అమ్మ అప్పుడే పూలమ్మాయితో మాట కలిపింది.

"మూర ఎంతమ్మా?"

"ఎంతైనా ఇయ్యండి అమ్మమ్మా, దేవుడికే కదా తీసుకపోతా ఉండారు. మనవరాలికి ఈ ముక్క ఊరికే."

అమ్మకు మోకాళ్ళ నొప్పి, ఆమెను ఘాట్ రోడ్డులో పైకి పంపించండి. మీరూ పిల్లలూ మెట్లెక్కండి. 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. డిసెంబరు 31 రాత్రి ఒక్కో మెట్టుకూ పూజ చేసి, పాటలు పాడుకుంటూ ఎక్కే పండుగ ఇక్కడి ప్రత్యేకం. ఆడికృత్తికకు చిత్తూరు, తిరుపతి పక్కనుంచి పూల కావళ్ళు భుజాన వేసుకుని వచ్చే తెలుగు భక్తులతో ఈ మెట్లే కనబడవు. మురుగన్ ఆరు ప్రధాన క్షేత్రాల్లో ఇదొకటి. మనకు సుబ్రహ్మణ్యస్వామి. ముత్తుస్వామి దీక్షితులు తన మొదటి కృతిని ఈ కొండ మీదే కట్టారని సంగీత సంప్రదాయం చెబుతుంది.

పైనుంచి కిందికి చూడండి. ఎర్రపెంకుల కప్పులు, కొత్త మేడలు, వాటి మధ్య పట్టాల గీత, దాని చివర నగరి కొండలు. ఈ ఊరు 1960 మార్చి 31 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద చేసిన సరిహద్దు చట్టంతో ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, బదులుగా సత్యవేడు లాంటి ప్రాంతాలు మనకు వచ్చాయి. గీత మారింది గానీ ఇళ్ళలో మాట మారలేదు. పళ్ళిపట్టు, పొదటూరుపేట నేత వీధుల్లో నేటికీ మగ్గం దగ్గర తెలుగు వినబడుతుంది. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ సొంత ఊరు కూడా ఇదే. 1888 సెప్టెంబరు 5న పుట్టి, తొలి చదువు ఇక్కడే చదివారు.

దిగేటప్పటికి దీపాలు వెలిగాయి. ఆకలి. నాలుగడుగుల్లో ఇడ్లీ బండి, ఇంకో నాలుగడుగుల్లో పరోటా కొట్టు. ఎవరికి కావాల్సింది వాళ్ళు తిన్నారు. పిల్లవాడు ఒక్కడే వెళ్ళి చాక్లెట్టు కొనుక్కుని చిల్లరతో తిరిగొచ్చాడు. నిన్న రాత్రి మూడో మామిడిచెట్టు దాటడానికి భయపడ్డవాడు వీడే. సత్రం అరుగు మీద అమ్మ పక్కింటావిడతో కూర్చుని సంబంధాలు మాట్లాడుతోంది. "మా చెల్లెల్ని కాళహస్తికి ఇచ్చినారు," అని ఆవిడ. "మా ఆడపడుచుది అక్కడే," అని అమ్మ. తెల్లారితే వెళ్ళిపోయే ఊళ్ళో కూడా అమ్మకు చుట్టరికం దొరికింది.

దీనికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. పది దాటినా వీధిలో మాటలు ఆగవు. మోటారుసైకిళ్ళు ఆగి ఆగి వెళ్తాయి. కిటికీ వేస్తే ఉక్క, తీస్తే చప్పుడు. తెల్లవారుజామున గుడి మైకు మిమ్మల్ని అడక్కుండానే లేపుతుంది. నిన్న తోటలో పడుకున్నంత గాఢంగా ఇక్కడ ఎవరూ పడుకోలేదు.

ఇటలీలో ఊరి బసకు కూడా ఒక కథ ఉంది. 1976 మే నెలలో ఈశాన్యాన ఫ్రియులి ప్రాంతంలో భూకంపం వచ్చి దాదాపు వెయ్యి మంది చనిపోయారు. కూలిన ఇళ్ళు మళ్ళీ కట్టారు గానీ, ఉండడానికి మనుషులు తిరిగి రాలేదు. ఆ ఖాళీ ఇళ్ళను ఏం చెయ్యాలన్న ఆలోచన నుంచి జంకార్లో దల్లారా అనే ఆయన ఒక పద్ధతి తయారుచేశాడు. కొత్త హోటల్ కట్టొద్దు, ఊరే హోటల్ అవుతుంది అన్నాడు. పేరు రాయించుకునే బల్ల ఒక ఇంట్లో, గదులు అదే ఊళ్ళో నాలుగైదు ఇళ్ళలో, పొద్దుటి కాఫీ ఊరి కొట్లో. దాన్ని అల్బెర్గో దిఫ్ఫూజో అంటారు. 1998లో సార్డీనియా మొదట దాన్ని చట్టంలోకి తెచ్చింది. అబ్రుట్సో కొండల్లో 1,250 మీటర్ల ఎత్తున సాంతో స్తేఫనో ది సెస్సానియో అనే ఊరుంది. వలసలతో ఖాళీ అయిపోయిన ఆ ఊళ్ళో దనియెలే కీల్‌గ్రెన్ పాత ఇళ్ళ గోడల మసి కూడా చెరపకుండా బాగుచేయించి అతిథులకు ఇచ్చాడు. 2009 ఏప్రిల్ భూకంపంలో ఆ ఊరి పాత బురుజు కూలింది. ఊరు నిలబడింది, అతిథులు మళ్ళీ వచ్చారు.

ఆ సందుల్లోనూ మీ పెట్టె చక్రాలు రాళ్ళ మీదే లాగాలి. లిఫ్టు ఉండదని ముందే అనుకోండి. చాలా ఊళ్ళలో పాత పేటలోకి బయటి కార్లు రాకూడదు. దారి మొదట్లో కెమెరా ఉంటుంది, దాటితే జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది. కారు ఊరి గోడ బయట ఆపి నడవాలి.

తూకం

ఇప్పుడు తిరుత్తణి టీ కొట్టు బల్ల మీద ఫోన్ పెట్టి, రెండు రాత్రులనూ పక్కపక్కన ఆలోచించండి.

కారు మాట మొదట. టస్కనీ పొలంలో కారు లేకుండా ఒక్క పూట గడవదు. పల్లె బస్సులు తక్కువ, ఆదివారం చాలా దారుల్లో ఉండవే ఉండవు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడినుంచే తీసుకెళ్ళాలి. కుడిపక్క నడపాలి, వంకర దారుల్లో చీకట్లో నడపాలి. అది ధైర్యంగా చెయ్యగలవాళ్ళు మీ ఇద్దరిలో ఎవరో ఇవాళే తేల్చుకోండి. రైలు దారి మీదున్న ఊరు ఎంచుకుంటే ఈ బెంగే లేదు.

తిండి రెండోది. అక్కడి భోజనశాలలు మధ్యాహ్నం మూసి, రాత్రి ఏడున్నర ప్రాంతంలో గానీ తెరవవు. ఆరింటికే ఆకలి అనే పిల్లలుంటే, అన్నం లేనిదే అమ్మకు పూట గడవకపోతే, వంటిల్లున్న పొలం ఇల్లు మేలు. కుక్కర్, బియ్యం, పప్పు, ఆవకాయ ఉంటే చాలు. కానీ సరుకులు దారిలోనే కొనుక్కుని చేరాలి. ఊళ్ళో అయితే వంటిల్లు లేకపోయినా కింద రొట్టెల కొట్టు ఉంది, పళ్ళున్నాయి, పాలున్నాయి.

కాలం మూడోది. జూలై, ఆగస్టు ఎండల్లో రాతి ఊళ్ళు కాగుతాయి. అప్పుడు చెట్టునీడ, ఈతకొలను ఉన్న పొలం ప్రాణానికి హాయి. ఆగస్టు 15 అక్కడ పెద్ద పండుగ, ఆ రోజుల్లో ఊళ్ళో కొట్లు చాలావరకు మూసేస్తారు. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊరు మేలు. సాయంత్రం చల్లబడగానే ముసలీ ముతకా పిల్లాజెల్లా అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుని వీధిలో అటూ ఇటూ నడుస్తారు. ఆ నడకలో కలిసినవాళ్ళే ఆ ఊరిని చూసినట్టు.

రాత్రుల సంఖ్య చివరిది. రెండు మూడు రాత్రులకు పొలం చేరితే దారి తెలుసుకోవడానికే ఒక రోజు పోతుంది, విశ్రాంతి రుచి తెలిసేలోగా పెట్టె సర్దాలి. అయిదారు రాత్రులుంటే పొలం తన విలువ చూపిస్తుంది.

నా మాట అడిగితే, అమ్మతో, పిల్లలతో, మొదటిసారి వెళ్ళే కుటుంబం ఊళ్ళోనే దిగాలి. పొలం మీకు మీ కుటుంబాన్ని తిరిగి ఇస్తుంది, అది చిన్న విషయం కాదు. పూండి వరండాలో తొమ్మిదింటికి నిద్రపోయిన పిల్లల్ని చూసినవాళ్ళెవరూ కాదనలేరు. కానీ అంత దూరం, అంత ఖర్చు పెట్టి మనం వెళ్ళేది ఇంకో దేశపు మనుషుల్ని చూడడానికి. వాళ్ళు ఊళ్ళో ఉంటారు. అరుగు మీద కూర్చుని చుట్టరికం కలుపుకునే అమ్మకు భాష రాకపోయినా అక్కడ కూడా ఒక పూలమ్మాయి దొరుకుతుంది. చీకట్లో ఒక్కడే వెళ్ళి కొట్టు దాకా పోయివచ్చే ధైర్యం మీ అబ్బాయికి ఊళ్ళోనే వస్తుంది.

ఇంకో మాట ఈ నేల మీద ఇళ్ళున్నవాళ్ళతో. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట చుట్టుపక్కల పిల్లలు చెన్నైకీ బెంగుళూరుకీ వెళ్ళిపోయి, తాళాలు పడ్డ పాత తెలుగు ఇళ్ళు ఉన్నాయి. ఫ్రియులిలో భూకంపం చేసిన పని ఇక్కడ వలస చేస్తోంది. మన భూదాన్ పోచంపల్లి చేనేత పేరుతోనే 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మెచ్చిన ఉత్తమ గ్రామాల్లో ఒకటిగా నిలిచింది. పదిహేను లక్షల ఏళ్ళ మానవ చరిత్ర ఉన్న వాగు, కృష్ణ నీళ్ళు చేరే చెరువు, మగ్గాల వీధులు, కొండ మీద దేవుడు అన్నీ ఒక రోజు ప్రయాణంలో ఉన్న చోటు ఇది. ఒక గది శుభ్రం చేసి, ఒక పూట మీరు తినేదే పెట్టి అతిథిని పిలవండి. తాళం తీసిన ఇల్లు నిలబడుతుంది.

ఇక మీ బుకింగుల సంగతి. మొదటి మూడు రాత్రులు కొండమీది ఊళ్ళో ఉంచుకోండి. సెలవు ఇంకా మిగిలి ఉండి, కారు నడిపే ధైర్యం ఉంటే, ఆ తర్వాతి రాత్రులకు రైతు వండిపెట్టే తోట ఇల్లు వెతుక్కోండి. రైతు లేని ద్రాక్షతోట ఇంటిని సోమవారం పొద్దున్నే రద్దు చెయ్యండి.